రెండు పనులకు ఒకే మిక్సర్: స్క్రాచింగ్, బ్లెండింగ్ రెండూ చేసే ఒక డీజే కోసం జరిగిన ఎంపిక

గత దసరా వెళ్లిన వారంలో ఒక యువ డీజే నాలుగు ఛానళ్ల మిక్సర్‌ను (వేర్వేరు ప్లేయర్ల నుంచి వచ్చే పాటలను కలిపే పెట్టెను) దుప్పటిలో చుట్టుకుని మా వర్క్‌షాప్‌కు తెచ్చాడు. సొంతూరు వరంగల్. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటూ శుక్ర, శనివారాల్లో క్లబ్బుల్లోనూ, ముహూర్తాల రోజుల్లో సంగీత్ ఫంక్షన్లలోనూ ప్లే చేస్తాడు. "అన్నా, దీని క్రాస్‌ఫేడర్ పోయినట్టుంది. ఇంట్ల పడే స్క్రాచ్ దీని మీద అస్సలు పడతలేదు" అన్నాడు. క్రాస్‌ఫేడర్ అంటే అటు జరిపితే ఒక ట్రాక్, ఇటు జరిపితే ఇంకో ట్రాక్ వినిపించే అడ్డ స్లైడర్. స్క్రాచ్ అంటే రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ కదుపుతూ, ఆ ఫేడర్‌తో శబ్దాన్ని కోయడం. విప్పి చూశాను. ఫేడర్ శుభ్రంగా ఉంది, గరగర లేదు, మూసినవైపు శబ్దం కారడం లేదు. చెడిపోని వస్తువును బాగుచేయమని తెచ్చాడన్నమాట. ఆ రోజు మొదలైన పని మూడు నెలలు నడిచింది, మధ్యలో ఒక తప్పు సలహా కూడా పడింది. ఆ సలహా ఇచ్చింది నేనే కాబట్టి దాన్ని దాచకుండా రాస్తున్నాను.

ముందు అతని పని తీరు చెప్పాలి. రాత్రిలో ఎక్కువ భాగం 120 నుంచి 126 బీపీఎం (నిమిషానికి బీట్లు) మధ్య నడిచే హౌస్ అనే డాన్స్ సంగీతం. ఒక ట్రాక్ ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో ఆడేవాళ్లకు తెలియకుండా, నిమిషం నిమిషంన్నర పాటు రెండింటినీ కలిపి నడిపిస్తాడు. ఇవన్నీ రెండు సీడీజేల (డీజేలు వాడే డిజిటల్ ప్లేయర్ల) నుంచి వస్తాయి. మధ్యలో ఒక పది నిమిషాలు టెంపోను 95కు దించి, రెండు టర్న్‌టేబుళ్ల మీద వినైల్ రికార్డులు పెట్టి స్క్రాచ్ చేస్తాడు. జనం ఫోన్లు పైకెత్తేది ఆ పది నిమిషాలకే. బుకింగ్ ఇచ్చినవాళ్లు డబ్బు లెక్కపెట్టేది మాత్రం మిగతా మూడు గంటలకు.

ఇంట్లో సాధన చేసేది ఒక స్నేహితుడు అప్పుగా ఇచ్చిన రెండు ఛానళ్ల బ్యాటిల్ మిక్సర్ (స్క్రాచ్ కోసమే చేసిన మిక్సర్) మీద. దాని మీద చక్కగా పలికే క్రాబ్ (వేళ్లన్నీ వరసగా ఫేడర్‌ను మీటే) స్క్రాచ్, సొంత మిక్సర్ మీదకు వచ్చేసరికి నత్తి మాటలా తెగిపోతోంది. రెండు మిక్సర్లనూ పక్కపక్కన పెట్టి కొలవడం తప్ప మార్గం లేదనిపించింది.

పేకముక్కలతో కొలత

క్రాస్‌ఫేడర్‌ను మూసిన చివర నుంచి ఎంత దూరం కదిపితే శబ్దం తెరుచుకుంటుందో ఆ దూరాన్ని కట్-ఇన్ అంటారు. దీన్ని కొలవడానికి నేను వాడే పద్ధతి చాలా నాటుది. ఫేడర్ మీది టోపీని లాగేస్తే కింద సన్నటి లోహపు కాడ ఉంటుంది. కాడను ఎడమ చివరికి పూర్తిగా జరిపి, దానికి ఆనుకునేలా ఒక చెక్క స్కేలు ముక్కను ప్యానెల్ మీద టేపుతో కదలకుండా అంటిస్తాను. కుడి ఛానల్‌లో ఆగకుండా మోగే ఒక టోన్ పెడతాను. ఇప్పుడు స్కేలుకూ కాడకూ మధ్య ఒక్కొక్క పేకముక్కనే దూర్చుకుంటూ పోతే, ప్రతి ముక్కకూ కాడ దాని మందమంత కుడివైపుకు జరుగుతుంది. టోన్ పూర్తిగా వినిపించిన చోట ముక్కలు లెక్కపెడతాను. నా దగ్గరున్న కట్టలో 52 ముక్కలూ కలిపి వెర్నియర్ మీద 15.6 మిల్లీమీటర్లు, అంటే ముక్కకు 0.3 మిల్లీమీటరు.

అతని నాలుగు ఛానళ్ల మిక్సర్‌లో, కర్వ్‌ను (ఫేడర్ కదిలేకొద్దీ శబ్దం తెరుచుకునే తీరును) అన్నింటికన్నా పదునైన స్థానంలో పెట్టినా, 15 ముక్కలు పట్టాయి. అంటే 4.5 మిల్లీమీటర్లు. స్నేహితుడి బ్యాటిల్ మిక్సర్‌లో నాలుగు ముక్కలకే, అంటే 1.2 మిల్లీమీటర్లకే, శబ్దం పూర్తిగా తెరుచుకుంది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. 95 బీపీఎం దగ్గర బీట్‌లో నాలుగో వంతు దాదాపు 158 మిల్లీసెకన్లు. క్రాబ్‌లో బొటనవేలు ఫేడర్‌ను మూసినవైపుకు స్ప్రింగులా నెట్టి ఉంచుతుంది. చిటికెన వేలు మొదలు చూపుడు వేలు దాకా నాలుగు వేళ్లూ ఒకదాని వెంట ఒకటి ఫేడర్‌ను మీటుతూ పోతాయి. ఆ 158 మిల్లీసెకన్లలో నాలుగు మీట్లు పడాలంటే ఒక్కో మీటుకు దక్కేది 40 మిల్లీసెకన్లలోపే, అందులో సగం తెరవడానికి, సగం మూయడానికి. ఆ వేగంలో వేలు ఫేడర్‌ను రెండు మూడు మిల్లీమీటర్లకు మించి కదపలేదు, చిటికెన వేలు అంత కూడా కదపలేదు. 1.2 మిల్లీమీటర్ల దగ్గర తెరుచుకునే ఫేడర్ మీద నాలుగు మీట్లూ వినిపిస్తాయి, 4.5 దగ్గర తెరుచుకునేదాని మీద ఏ చూపుడు వేలో గట్టిగా తగిలినప్పుడు ఒక్కటి వినిపిస్తుంది. చేతి తప్పు కాదు, ఫేడర్ జబ్బు కాదు. ఆ మిక్సర్ క్రాస్‌ఫేడర్ నెమ్మదిగా ట్రాక్‌లు మార్చేవాళ్ల కోసం గీసిన గీత ప్రకారమే పనిచేస్తోంది. అందులో అమరే వేరే ఫేడర్ కోసం వెతికాం, దొరకలేదు.

నా తప్పు సలహా

"అయితే మా దోస్తుది అమ్ముతానంటుండు, అదే తీసుకోనా అన్నా?" అని అడిగాడు. ఆ 1.2 అంకె నా కళ్లలో ఉంది. "తీసుకో తమ్ముడూ" అన్నాను. అయితే డబ్బు ఇచ్చేముందు ఒక ఫంక్షన్‌లో వాడి చూడమన్నాను. నేను చేసిన ఒక్క మంచి పని అదే.

మేడ్చల్ దారిలో ఒక ఫంక్షన్ హాలు, సంగీత్, కరెంటు మొత్తం జనరేటర్ మీద. నేనూ వెళ్లాను. సౌండ్ చెక్‌లోనే బాక్సుల్లో సన్నటి గుయ్‌మనే మోత మొదలైంది. మాస్టర్ నాబ్‌ను సున్నాకు తెచ్చినా మోత తగ్గలేదు. మాస్టర్ సున్నాలో ఉన్నా మోగుతోందంటే అది మిక్సర్ దాటాక చేరుతోందని అర్థం. ఆ మిక్సర్‌కు ఇళ్లలోని ఆడియో సెట్లకుండే ఆర్‌సీఏ అవుట్‌పుట్లు తప్ప, పొడవాటి కేబుల్‌లోనూ మోతను దరిచేరనివ్వని ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు లేవు. స్టేజీ నుంచి సౌండ్ వాళ్ల ర్యాక్ దాకా పాతిక మీటర్ల అన్‌బ్యాలెన్స్‌డ్ (దారిలో చేరే మోతను రద్దు చేయలేని) కేబుల్ వేశాం. రెండు చివర్లలో ఎర్తింగ్ రెండు రకాలుగా ఉండడంతో ఆ తేడా కేబుల్ షీల్డ్ గుండా పారి 50 హెర్ట్జ్ మోతగా పలికింది. సౌండ్ వాళ్ల దగ్గర అదృష్టం కొద్దీ డీఐ బాక్సులు (ఆ మోత దారిని తెంచే చిన్న పెట్టెలు) ఉన్నాయి కాబట్టి గట్టెక్కాం.

అసలు ఇబ్బంది మొదటి బ్లెండ్‌లో వచ్చింది. రెండు హౌస్ ట్రాక్‌లను కలిపి నడిపేటప్పుడు బేస్ ఎప్పుడూ ఒక్క ట్రాక్‌దే వినిపించాలి. ఒక కిక్ డ్రమ్‌లోని ముఖ్యమైన శబ్దం 60 హెర్ట్జ్ దగ్గర ఉందనుకుంటే దాని ఒక్క చుట్టు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, రెండు కిక్‌లు ఎనిమిది మిల్లీసెకన్ల తేడాతో పడితే ఒకటి స్పీకర్ కోన్‌ను ముందుకు తోసే సమయంలో ఇంకోటి వెనక్కి లాగుతుంది. చెవికి బీట్ కలిసినట్టే ఉంటుంది కానీ ఛాతీకి తగలాల్సిన దెబ్బ మాయమవుతుంది. అందుకే వచ్చే ట్రాక్ బేస్‌ను పూర్తిగా కోసి ఉంచి, 32 బీట్ల గడి మారే చోట పాతదాని బేస్ తీసి కొత్తదానిది పెడతాం. ఆ బ్యాటిల్ మిక్సర్‌లో బేస్ నాబ్‌ను ఎడమ చివరకు తిప్పినా 12 డెసిబెల్స్ వరకే తగ్గుతుంది, అంటే శబ్దంలో నాలుగో వంతు మిగిలే ఉంటుంది. నిమిషం పాటు బేస్ ఉబ్బుతూ తగ్గుతూ సాగింది. ముందు వరుసలో పిల్లలు ఆడుతూనే ఉన్నారు, కానీ అతను నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది.

మూడోది ఇన్‌పుట్ల సంగతి. ఆ మిక్సర్‌లో ఛానల్‌కు ఒకే స్విచ్: అటు వేస్తే ఫోనో (టర్న్‌టేబుల్), ఇటు వేస్తే లైన్ (సీడీజే). సీడీజే నుంచి టర్న్‌టేబుల్‌కు మారాలంటే స్విచ్ కొట్టాలి, కొట్టగానే మోగుతున్నది ఆగిపోతుంది. హౌస్ నుంచి స్క్రాచ్‌లోకి జారాల్సిన చోట కత్తిరించినట్టు ఒక ఖాళీ వచ్చింది.

నాలుగోది బూత్ అవుట్‌పుట్ (డీజే పక్కన పెట్టే మానిటర్ స్పీకర్‌కు శబ్దం పంపే సాకెట్) లేకపోవడం. డీజే పక్కన మానిటర్ పెట్టలేదు కాబట్టి అతను హాలు బాక్సుల శబ్దం మీదే ఆధారపడ్డాడు, అవేమో దాదాపు 20 మీటర్ల దూరంలో ఉన్నాయి. మన ఊరి వేడిలో శబ్దం సెకనుకు 350 మీటర్లకు కాస్త తక్కువగా నడుస్తుంది కాబట్టి ఆ దూరానికి 58 మిల్లీసెకన్లు ఆలస్యం. 124 బీపీఎం దగ్గర బీట్ నిడివి 484 మిల్లీసెకన్లు. ఆలస్యం అందులో ఎనిమిదో వంతు. హెడ్‌ఫోన్‌లో వినే ట్రాక్‌ను హాల్లో వినిపించే ట్రాక్‌తో కలపబోతే ఆ ఎనిమిదో వంతు తేడాతోనే కలుస్తుంది.

ఎందుకిలా విడిపోయాయి

ఈ నాలుగు లోపాలూ ఆ మిక్సర్ తయారు చేసినవాళ్ల నిర్లక్ష్యం కావు. బ్లెండింగ్ మిక్సర్, స్క్రాచ్ మిక్సర్ రెండూ న్యూయార్క్‌లోనే పుట్టినా వేర్వేరు ఇళ్లలో పెరిగాయి. 1970 ప్రాంతంలో శాంక్చురీ క్లబ్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో రెండు రికార్డుల బీట్‌లను కలిపి నడపడం మొదలుపెట్టాడు. 1971లో అలెక్స్ రోస్నర్ హేవెన్ క్లబ్ కోసం 'రోజీ' అనే మిక్సర్‌ను చేశాడు. ఆ దారిలోనే వచ్చిన బోజాక్, తర్వాతి యూఆర్ఈఐ 1620 లాంటి రోటరీ మిక్సర్లలో అసలు క్రాస్‌ఫేడరే లేదు, గుండ్రటి నాబ్‌లే. పాటల్ని పొడవుగా కలపడానికి అది అవసరం లేదని వాటిని వాడినవాళ్లకు తెలుసు. బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్, స్క్రాచ్‌ను కనిపెట్టినవాడిగా పేరున్న గ్రాండ్ విజర్డ్ థియోడోర్ లాంటివాళ్ల చేతుల్లో మిక్సర్‌కు వచ్చిన పని వేరు: శబ్దాన్ని కలపడం కాదు, కోయడం. ఆ కోత కోసమే 1990లలో వెస్టాక్స్ పీఎంసీ-05 ప్రో లాంటి ఇరుకైన రెండు ఛానళ్ల మిక్సర్లు వచ్చాయి. క్రాస్‌ఫేడర్ చుట్టూ చేతికి అడ్డం లేకుండా నాబ్‌లన్నీ పైకి జరిగాయి, ఈక్యూకు (బేస్ లాంటి శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే నాబ్‌లకు), అవుట్‌పుట్లకు పెట్టాల్సిన ఖర్చు ఫేడర్‌కు పోయింది.

మన కేసుకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. బ్లెండ్ చేసేటప్పుడు మా డీజే తమ్ముడు క్రాస్‌ఫేడర్‌ను ముట్టడు. ఛానల్ ఫేడర్లు, ఈక్యూ మీదే పని. అంటే ఒకే ఫేడర్ మెత్తగానూ పదునుగానూ ఉండాలన్న పోటీ అతని విషయంలో లేదు. క్రాస్‌ఫేడర్ ఎప్పుడూ పదునుగా ఉంటే చాలు. ఇంకో సంగతి, క్రాస్‌ఫేడర్ మిక్సర్‌లో విప్పి మార్చగలిగే భాగం. ఈక్యూ సర్క్యూట్, ఇన్‌పుట్ల అమరిక, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు, బూత్ అవుట్ విప్పి మార్చగలిగేవి కావు. నేను మొదటిసారి మార్చగలిగే భాగం బాగుందని మార్చలేని నాలుగు లోపాలను కొనిపించబోయాను. రెండోసారి వెతుకులాట తలకిందులుగా జరిగింది: మార్చలేనివన్నీ సరిగా ఉన్న మిక్సర్, దానికి మంచి ఫేడర్ అమరే వీలు.

రెండో వెతుకులాట

అతని బడ్జెట్ లక్షకు లోపు. పయొనీర్ డీజేఎం-900 నెక్సస్ 2 క్లబ్బుల్లో అతను వాడేదే, దాని కోసం ఎంత ఆశపడినా ఆ డబ్బుతో అందదు. 2015లో వచ్చిన డీజేఎం-ఎస్9, 2017లో వచ్చిన రేన్ సెవెంటీ-టూ రెండింటినీ పాత సరుకులో చూశాం. రాపిడి లేకుండా అయస్కాంతంతో నడిచే ఫేడర్లు, ఎక్స్‌ఎల్‌ఆర్, బూత్ అన్నీ ఉన్నాయి, నా చేతికైతే రేన్ ఫేడర్ వెన్నలా అనిపించింది. కానీ రెండూ ఛానల్‌కు ఒకసారి ఒకే మూలాన్ని తీసుకునేవి. పైగా ల్యాప్‌టాప్‌తో వాయించేవాళ్ల కోసం పెట్టిన సౌండ్ కార్డులకూ ప్యాడ్లకూ అతను డబ్బు కట్టాలి, అతనేమో ల్యాప్‌టాప్ ముట్టడు. ల్యాప్‌టాప్‌తో స్క్రాచ్ చేసేవాడైతే ఈ కేసు ఇక్కడే ముగిసేది.

చివరికి నిలబడింది అలెన్ అండ్ హీత్ జోన్ 23. చూడ్డానికి రెండు ఛానళ్లదే అయినా, ఒక్కో ఛానల్‌లో ఫోనోకు ఒకటి, లైన్‌కు ఒకటి విడివిడిగా లెవెల్ నాబ్‌లు ఉంటాయి. నాలుగు మూలాలూ ఒకేసారి మోగగలవు. మూడు బ్యాండ్ల ఈక్యూ, ప్రతి బ్యాండ్ పూర్తిగా కోసేస్తుంది. పై శబ్దాలనో కింది శబ్దాలనో మాత్రమే వదిలే హై పాస్, లో పాస్ అనలాగ్ ఫిల్టర్ ఉంది. మెయిన్ అవుట్ ఎక్స్‌ఎల్‌ఆర్, బూత్‌కు సొంత లెవెల్. అన్నిటికన్నా మించి, దానికి ఇన్నోఫేడర్ అమరుతుంది. ఇన్నోఫేడర్‌లో కార్బన్ పట్టీ మీద రాపిడి ఉండదు, కెపాసిటెన్స్ మార్పును బట్టి కాడ ఎక్కడుందో పసిగడుతుంది. కట్-ఇన్‌ను మనమే సర్దుకోవచ్చు. ఫేడర్ దిశను తిరగేసే హాంస్టర్ స్విచ్ గురించి అడిగేవాళ్లుంటారు. ఇతను ఫేడర్‌ను తిరగేసి వాయించేవాడు కాదు కాబట్టి దాన్ని మేం లెక్కలోకే తీసుకోలేదు.

ఫేడర్ బిగించడం అరగంట పని, సర్దడానికి మాత్రం సాయంత్రమంతా పట్టింది. పేకముక్కలు మళ్లీ బయటికొచ్చాయి. సన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ ఆరు ముక్కల నుంచి మూడుకు దించాం, 0.9 మిల్లీమీటరు. అతని ముఖం వెలిగిపోయింది, పది నిమిషాల తర్వాత మాడిపోయింది. చేయి వేగం అందుకున్నాక ఫేడర్ చివరి గోడకు కొట్టుకుని కొద్దిగా వెనక్కి తుళ్లుతోంది. ఆ తుళ్లే దూరంలోనే శబ్దం తెరుచుకోవడంతో అక్కర్లేని చోట టిక్కుమని ఒక ముక్క రాలుతోంది. ఎంత దగ్గరైతే అంత మంచిదనుకోవడం సరికాదని అప్పుడు అతనికి చెప్పనక్కర్లేకుండానే తెలిసింది. నాలుగు ముక్కల దగ్గర, అతనికి అలవాటైన ఆ 1.2 దగ్గరే, ఆపాం.

తర్వాత రెండు టర్న్‌టేబుళ్ల ఎర్త్ తీగలను మిక్సర్ వెనక మరకు బిగించాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, నీడిల్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. ఫోనో సర్క్యూట్ దాన్ని వంద రెట్ల దాకా పెంచుతుంది, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను తిరిగి లేపడానికి 50 హెర్ట్జ్ దగ్గర మరో 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు, కలుపుతుంది. వదులైన ఎర్త్ తీగలోంచి దూరే మోతకు ఇంతకన్నా మంచి భోజనం దొరకదు.

తర్వాతి ఆరు నెలలు

మొదటి ఫంక్షన్‌కు నేను కూడా వెళ్లాను. జనరేటరే, కేబుల్ కూడా దాదాపు అంతే పొడవు, మోత లేదు. 124 బీపీఎం దగ్గర 32 బీట్ల గడి అంటే పదిహేనున్నర సెకన్లు. రెండు గడుల పాటు రెండు ట్రాక్‌లు కలిసి నడిచాయి, మూడో గడి మొదట్లో రెండు చేతులతో రెండు బేస్ నాబ్‌లూ ఒకేసారి తిప్పాడు, వెనక వరుసలో కూర్చున్నవాళ్ల కాళ్లు కూడా ఆగలేదు. బూత్ మానిటర్ అతని భుజానికి మీటరు దూరంలో ఉంది.

అయితే స్క్రాచ్ మొదలుపెట్టగానే శబ్దం రేకు డబ్బాను గోకినట్టు పల్చగా వచ్చింది. ఫోనో, లైన్ రెండూ ఒకే ఛానల్ ఈక్యూ గుండా పోతాయి కాబట్టి, బ్లెండ్ కోసం కోసిన బేస్ అలాగే ఉండిపోయి స్క్రాచ్‌కూ వర్తించింది. నాలుగు మూలాలను రెండు ఛానళ్లలో ఇమిడ్చినందుకు కట్టాల్సిన పన్ను ఇది. ఇప్పుడతను సీడీజే లెవెల్ దించే చేత్తోనే బేస్ నాబ్‌ను మధ్యకు తెచ్చే అలవాటు చేసుకున్నాడు. మొదటి నెలలో రెండుసార్లు మర్చిపోయాడు, తర్వాత వినలేదు.

వేసవి ముహూర్తాలు అయ్యాక మిక్సర్ మళ్లీ నా బల్ల మీదకు వచ్చింది. కుడి ఛానల్ ఫేడర్ బిగుసుకుపోయింది. విప్పితే లోపలంతా పసుపు. హల్దీ ఫంక్షన్‌లో పెళ్లికూతురు చెల్లెళ్లు డీజేను కూడా వదల్లేదట. మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులిపి, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరబెడితే పాతదారిలో పడింది. క్రాస్‌ఫేడర్‌లోనూ పసుపు చేరింది కానీ పట్టీ లేదు కాబట్టి దులిపితే సరిపోయింది. మళ్లీ స్కేలు అంటించి కొలిస్తే నాలుగు ముక్కల దగ్గరే ఉంది. "ఇస్పేటు రాణి కూడా పచ్చగైంది చూడన్నా" అని నవ్వి, ఆ కట్టను తన బ్యాగులో వేసుకున్నాడు. మిక్సర్ మీద కప్పడానికి నేనిచ్చిన పాత తువ్వాలు కూడా.